మ్యాజిక్ సామాన్లు, పాత గారడీ పుస్తకాలు సేకరించడం ఎలా? చెన్నైలో మొదలుపెట్టేవారికి దశలవారీ మార్గదర్శి

“మా మామయ్య పెట్టెలో పాత మ్యాజిక్ సామాన్లు దొరికాయి, ఏం చేయాలి?” “చెన్నైలో ఇలాంటి పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి?” “ఇత్తడి చెంబు కొన్నాను, నీళ్లు సరిగ్గా రావడం లేదు, బాగవుతుందా?” నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా అన్నీ ఒక వరసలో రాయడం మేలనిపించింది.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. పాత గంటకు ఏ చీటీ లేకపోయినా అది గంటే. మ్యాజిక్ చెంబు అలా కాదు. ఎలా వాడాలో చెప్పే కాగితం పోయినా, దానితో ఉండాల్సిన ముక్క ఒక్కటి తప్పిపోయినా అది వంటింటి చెంబులలో కలిసిపోతుంది. అందుకే వస్తువు, దాని కాగితం, దాని కథ ఈ మూడూ ఒకచోట ఉండాలి. కింద చెప్పే పనులన్నీ ఈ మూడూ విడిపోకుండా చూసుకోవడానికే.

1. కొనేముందు: ఒక దారి ఎంచుకోండి

మొదటి ఏడాది ఒక్క రకమే సేకరించండి. పేకముక్కలు కావచ్చు, మన వీధి గారడీవాళ్ల గిన్నెలు, చెంబులు కావచ్చు, పుస్తకాలు కావచ్చు. కనిపించినదల్లా కొంటే ఆరు నెలలకు ఇల్లు నిండుతుంది, ఏ వస్తువు గురించీ మీకు లోతుగా తెలియదు.

నా సలహా పుస్తకాలతో మొదలుపెట్టమనే. ఏ వస్తువులో ఎన్ని ముక్కలుండాలో, ఎలా పనిచేయాలో పుస్తకమే చెబుతుంది. మొదట పాత ప్రతులు అక్కర్లేదు, చదువుకోవడానికి కొత్త ముద్రణలు చాలు. ఈ నాలుగూ ముందు చదవండి:

- ప్రొఫెసర్ హాఫ్‌మన్ 1876లో తెచ్చిన ‘మోడర్న్ మ్యాజిక్’. ఆనాటి పరికరాలను గుర్తుపట్టడానికి దీన్ని మించింది లేదు.
- ఎస్.డబ్ల్యూ. ఎర్డ్‌నేస్ అనే మారుపేరుతో 1902లో షికాగోలో వచ్చిన ‘ది ఎక్స్‌పర్ట్ ఎట్ ద కార్డ్ టేబుల్’. పేకముక్కల వైపు వెళ్లేవారికి తప్పనిసరి.
- జె.బి. బోబో ‘మోడర్న్ కాయిన్ మ్యాజిక్’, 1952. నాణేల మ్యాజిక్‌కు.
- టార్బెల్ కోర్సు. 1920లలో పోస్టు ద్వారా నేర్పే పాఠాలుగా మొదలై, తర్వాత ఎనిమిది సంపుటాలైంది. అన్నీ ఒకేసారి వద్దు, మొదటిది చాలు.

డబ్బు విషయంలో నేను పాటించే లెక్క ఇది: నెలకు పక్కన పెట్టినదాంట్లో సగం పుస్తకాలకు, పావు వస్తువులకు, మిగిలిన పావు డబ్బాలు, కవర్లు, అల్మరాకు. ఆ చివరి పావు చాలామంది పెట్టరు. చెన్నై గాలిలో రెండు వానాకాలాలు గడిచేసరికి దాని ఫలితం కనిపిస్తుంది.

2. ఎక్కడ వెతకాలి

సెంట్రల్ స్టేషన్ పక్కన ఉండే మూర్ మార్కెట్ 1985లో కాలిపోయింది. అక్కడి పాత పుస్తకాల వాళ్లలో కొందరు దగ్గర్లోనే ఉన్న అల్లికుళం కాంప్లెక్స్‌కు మారారు. అక్కడ మొదలుపెట్టండి. ట్రిప్లికేన్‌లో భారతి సాలై, అంటే పాత పైక్రాఫ్ట్స్ రోడ్డు ఫుట్‌పాత్‌లు, మైలాపూర్‌లో లజ్ దగ్గరి పాత పుస్తకాలు కూడా చూడండి.

“మ్యాజిక్ పుస్తకాలున్నాయా?” అని అడిగితే చాలాసార్లు లేవనే అంటారు. వాటికి విడిగా అర ఉండదు. పేకాట, చదరంగం ఉన్నచోట, పిల్లల సైన్సు ప్రయోగాల మధ్య, జాతకాలు, హిప్నాటిజం పక్కన వెతకండి. పలచటి పుస్తకాల కట్టలు విప్పి చూడండి. మెజీషియన్లు తోటి మెజీషియన్లకు పాఠం చెప్పేటప్పుడు అమ్ముకునే స్టేపుల్ కొట్టిన నోట్సు ఆ కట్టల్లోనే దాక్కుంటుంది. దానికి అట్ట కూడా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు.

తెలుగు పుస్తకాల విషయంలో జాగ్రత్త. పేరులో ‘ఇంద్రజాలం’ అని ఉన్న పాత పుస్తకాలలో చాలావాటిలో మంత్రాలు, యంత్రాలు, మందులు, వశీకరణం ఉంటాయి, హస్తలాఘవం ఉండదు. విషయసూచిక చూడకుండా కొనకండి. అందులో చెప్పిన రసాయనాల ప్రయోగాలు ఇంట్లో చేసి చూడవద్దు. నిజంగా గారడీ నేర్పే తెలుగు పుస్తకం కనిపిస్తే మాత్రం చిరిగినా సరే తీసుకోండి. చవక కాగితంపై వేసినవి కాబట్టి మిగిలినవి తక్కువ.

ఎగ్మూర్‌లోని కన్నెమరా లైబ్రరీని కొనడానికి కాదు, పోల్చుకోవడానికి వాడుకోండి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చైన పుస్తకాల ప్రతి చేరాల్సిన లైబ్రరీలలో అదొకటి. మీ దగ్గరున్న ప్రతిలో పేజీలు పోయాయన్న అనుమానం వస్తే అక్కడి కేటలాగ్‌లో పేజీల సంఖ్య చూసుకోవచ్చు.

ఇక అన్నిటికన్నా మంచి చోటు, ప్రదర్శనలు మానేసిన మెజీషియన్ల ఇళ్లు. అక్కడ తొందరపడకండి. మొదటిసారి వెళ్లినప్పుడు కొనే మాటే ఎత్తవద్దు. “అమ్మగారూ, అయ్యగారు ఈ పెట్టె ఏ ఊళ్లకు తీసుకెళ్లేవారు?” అని అడగండి. చెప్పినది రాసుకోండి. వస్తువును ఎవరు చేయించారో, ఏ స్కూల్లో ఆడించారో ఆమెకు తెలిసినంతగా ఏ కేటలాగ్‌కూ తెలియదు. వస్తువులు తెచ్చుకునే రోజు పెట్టె అడుగున ఉన్న చిత్తుకాగితాలు, కరపత్రాలు, తాళ్ల ముక్కలు కూడా అడిగి తీసుకోండి. చెత్త అని పక్కన పెట్టిన వాటిలోనే సూచనల కాగితం ఉంటుంది.

3. చేతిలోకి తీసుకున్నాక: తనిఖీ

ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పట్టినా పరవాలేదు. దుకాణదారు విసుక్కుంటాడన్న టెన్షన్ వద్దు, నెమ్మదిగా చూడండి.

పుస్తకాలు

- బొమ్మలున్న పేజీలు లెక్కపెట్టండి. మ్యాజిక్ పుస్తకాల్లో మొదట చినిగేవి అవే.
- శీర్షిక పేజీ వెనకవైపు ముద్రణ వివరాలు చూడండి. ముందుమాట కింద ఉన్న తేదీని ముద్రణ సంవత్సరం అనుకోకండి.
- కుట్టు దగ్గర పేజీ కత్తిరించిన గుర్తులున్నాయా?
- అంచులు గీకినట్టు పలచబడితే కాగితం తినే సిల్వర్‌ఫిష్ పురుగుల పని. మట్టి చారలుంటే చెదలు.
- ముక్కు దగ్గర పెట్టుకోండి. తడి వాసన వస్తే విడిగా కట్టించుకోండి, మిగతావాటితో ఒకే సంచిలో వేయకండి.

పేజీల పక్కన పెన్సిల్ రాతలుంటే అది లోపమని ధర తగ్గించమనకండి. మనకు అవి వరం. ఎవరో మెజీషియన్ “ఇక్కడ ఎడమ చేయి ముందు” అని రాసుకుంటే, ఆ పుస్తకం స్టేజీ చూసిందని అర్థం. వాటిని ఎప్పుడూ చెరపకండి.

నీళ్ల చెంబు

మళ్లీ మళ్లీ ఒంపినా నీళ్లు వచ్చే ఈ చెంబును పేరున్న మన మెజీషియన్ పి.సి. సర్కార్ ‘వాటర్ ఆఫ్ ఇండియా’ పేరుతో తన ప్రదర్శనలో అంశానికీ అంశానికీ మధ్య ఆడించేవారు. లోపలి పనితనం ఇక్కడ రాయను. తనిఖీ మాత్రం చెబుతాను. నిండా నీళ్లు పోసి, పూర్తిగా ఒంపి, బల్లమీద నిమిషంపాటు ఉంచి మళ్లీ ఒంపండి. ఇలా కనీసం మూడుసార్లు నీళ్లు రావాలి. అసలు రాకపోతే లోపల ఏదో అడ్డుపడింది, అది బాగవుతుంది. ఖాళీ చేశాక కూడా బొట్టుబొట్టుగా కారుతూనే ఉంటే అతుకు విడిపోయింది, అది కష్టం. తర్వాత అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే ఇనుముపై ఇత్తడి పూత, లోపల తుప్పు ఉండే అవకాశం ఎక్కువ.

గిన్నెలు, బంతులు

కింద బంతులను మాయం చేసి మళ్లీ చూపించే మన వీధి గారడీ గిన్నెలకు పైన చిన్న పిడి ఉంటుంది. మూడింటి అంచులూ ఒకే కొలతలో ఉన్నాయా, ఒకే చేతిపనేనా చూడండి. పాతగుడ్డ చుట్టి కుట్టిన బంతులు వికారంగా ఉన్నా పారేయకండి. గిన్నెలు బజారులో చేయించగలం, ఆ బంతులు గారడీవాడు తన చేతికి సరిపడా చేసుకున్నవి.

రింగులు

ఇవి ఒకదానిలో ఒకటి కలిసి మళ్లీ విడిపోతున్నట్టు చూపించే లోహపు రింగులు. చదునైన చోట అన్నీ ఒకదానిపై ఒకటి పేర్చండి. వంకర ఉన్నది వెంటనే తెలుస్తుంది. ఆ తర్వాత చిన్న దూదిపింజను ప్రతి రింగు చుట్టూ మెల్లగా జరపండి. కంటికి కనపడని గరుకు దగ్గర పింజ పట్టుకుంటుంది. ఒకసారి నేను ఈ పరీక్ష చేయకుండానే ఒక సెట్టు కొన్నాను. ఇంటికొచ్చి పేర్చి చూస్తే ఒక రింగు మందం వేరు, అంటే వేరే సెట్టులోది తెచ్చి కలిపారు. అసలు రింగు ఇప్పటికీ దొరకలేదు. సెట్టులో ఎన్ని ఉండాలో, ఏ రకం ఎన్ని ఉండాలో ముందే రాసుకుని వెళ్లండి.

పేకముక్కలు

డబ్బా, ముక్కలు, సూచనల చీటీ కలిపితేనే ఒక సెట్టు. ‘బైసికిల్’ బ్రాండు ముక్కలైతే డబ్బాపై ఊరి పేరు చూడండి. అవి తయారుచేసే అమెరికా కంపెనీ 2009లో సిన్సినాటి నుంచి కెంటకీ రాష్ట్రంలోని ఎర్లాంగర్‌కు మారింది. సిన్సినాటి అని ఉన్నవి సాధారణంగా ఆ మార్పుకు ముందువి. విప్పని సీలు ఉంటే విప్పకండి. ట్రిక్ కోసం తయారైన ముక్కలను మామూలు సెట్టుతో ఎప్పుడూ కలపకండి, మళ్లీ వేరు చేయడం నరకం.

4. కనిపించగానే వద్దనాల్సినవి, విడిగా పెట్టాల్సినవి

ఫ్లాష్ పేపర్, ఫ్లాష్ దూది: నిప్పు తగలగానే భగ్గుమని మాయమయ్యేవి. ఇవి నైట్రోసెల్యులోజ్ అనే, ఇట్టే అంటుకునే పదార్థంతో చేసినవి. పాతబడి ఎండినవి మరీ ప్రమాదం. పాత పెట్టెలో మెత్తటి పలచటి కాగితాల కట్ట దొరికితే వెలిగించి చూడకండి, రుద్దకండి. నీళ్లలో తడిపి, మూత బిగించని పాత్రలో ఇంటికి దూరంగా పెట్టి, అనుభవమున్న మెజీషియన్‌నో ఫైర్ స్టేషన్ వాళ్లనో అడగండి. పోస్టులో పంపకండి, విమానంలో తీసుకెళ్లకండి.

పాత తెల్ల బంతుల్లో కొన్ని సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌వి. ఇవీ త్వరగా అంటుకుంటాయి. గాలి ఆడేలా, దీపానికి, స్టవ్‌కు దూరంగా ఉంచండి.

ఏనుగు దంతం తొడిగిన మంత్రదండం ఎంత అందంగా ఉన్నా కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దంతం వ్యాపారం నేరం.

వందేళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు, పత్రాలు కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఎవరూ దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పార్సెల్ చేసే ముందు ఇది గుర్తుంచుకోండి.

5. ధర

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం. తిరిగి అమ్మితే ఎంతొస్తుందన్న ఆశతో కొనకండి. ముక్కలన్నీ ఉండి, కాగితం కూడా ఉంటే అడిగినదానికి దగ్గరగా ఇవ్వండి. ఒక ముక్క తక్కువైనా సగం మించి ఇవ్వవద్దు. పుస్తకం మొదటి ముద్రణ అని చెబితే శీర్షిక పేజీ వెనక చూపించమనండి. మెజీషియన్ కుటుంబంతో మాత్రం బేరం ఆడకండి. వాళ్లకు విలువ తెలియకపోతే తెలిసిన మీరే చెప్పి, ఆ ధర ఇవ్వండి.

6. ఇంటికి తెచ్చిన రోజు

నేరుగా అల్మరాలో పెట్టకండి. రెండు వారాలు విడిగా ఒక అట్టపెట్టెలో తెల్లకాగితం పరిచి ఉంచండి. కాగితంపై పొడి రాలితే లోపల పురుగు బతికే ఉంది.

పురుగున్న పుస్తకానికి మందులు చల్లవద్దు. రెండు పాలిథీన్ కవర్లలో గాలి తీసి బిగించి, ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక కవరు విప్పకుండా ఒక రోజు బయట ఉంచండి. వెంటనే విప్పితే గాలిలోని తేమంతా పేజీలపై నీరుగా దిగుతుంది. ఫొటోలు, సెల్యులాయిడ్ వస్తువులు ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

రబ్బరు బ్యాండ్లు తీసేయండి. తుప్పు పట్టిన స్టేపుల్స్‌ను వెనకనుంచి చదునుగా విప్పి, తెల్ల నూలుదారంతో కట్టండి.

7. శుభ్రం చేయడం

తక్కువ చేస్తే మంచిది. ఒక దీపావళికి ముందు, నీళ్లు ఆరడానికని నేను వంటింటి గట్టుమీద బోర్లించిన పాత చెంబును మా అత్తయ్య మిగతా ఇత్తడి సామాన్లతో పాటు చింతపండు, ఉప్పు వేసి కొబ్బరిపీచుతో తోమింది. ప్రేమతో చేసిన పనే. చెంబు బంగారంలా మెరిసింది. కానీ మెడ దగ్గర వేళ్లు పట్టి పట్టి నల్లబడ్డ చోటు, ఆ మెజీషియన్ చేతి గుర్తు, పూర్తిగా పోయింది. మర్నాడు ఒంపితే రెండోసారి చుక్క రాలేదు. చింతపండు పీచు లోపల ఇరుక్కుంది.

బాగుచేసిన పద్ధతి ఇది, మీకూ పనికొస్తుంది. గోరువెచ్చటి డిస్టిల్డ్ వాటర్ నింపి, గంట ఉంచి, ఒంపి, బోర్లించాలి. రోజుకు నాలుగుసార్లు. మూడో రోజుకు పీచు బయటికొచ్చింది. తీగ, పిన్ను, పుల్ల ఏదీ లోపలికి పెట్టకండి. బోరు నీళ్లు అసలు వాడకండి, మన ఊళ్లో ఆ నీళ్లకు తెల్లటి పొర కట్టి దారి మూసుకుపోతుంది.

పుస్తకాలకు మెత్తటి పొడి బ్రష్ చాలు. సెల్లోటేప్ వేయవద్దు. లామినేషన్ అస్సలు వద్దు. పట్టు రుమాళ్లు ఉతకడానికి ముందు తడి తెల్లగుడ్డతో మూల అద్ది చూడండి, రంగు అంటితే ఆపేయండి.

8. రిజిస్టర్ రాయడం

అదే రోజు రాయండి. వారం ఆగితే ధర గుర్తుంటుంది, కథ మరిచిపోతాం. నా రిజిస్టర్‌లో ఒక నమోదు ఇలా ఉంటుంది:

- సంఖ్య: చె-3
- వస్తువు: ఇత్తడి నీళ్ల చెంబు, ఎత్తు 14 సెం.మీ.
- ముక్కలు: 1. వెంట వచ్చినవి: గుడ్డ సంచి, చేతిరాత చీటీ
- స్థితి: మూడుసార్లు పారింది. అడుగున చిన్న సొట్ట
- కథ: కొన్నవారి నాన్నగారు స్కూలు వార్షికోత్సవాల్లో వాడేవారు. చీటీ ఆయన రాతే
- కొన్న తేదీ, ధర, ఫొటో నంబరు

పుస్తకంపై సంఖ్యను వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాయండి. వస్తువుకు నూలుదారంతో చీటీ కట్టండి. మార్కర్, స్టిక్కర్ వద్దు. సూచనల కాగితం ఫొటో తీసి, అసలుది వస్తువుతోనే ఉంచండి. కాగితాలన్నీ వేరే ఫైల్లో నీటుగా పెట్టేవాళ్లున్నారు. పదేళ్ల తర్వాత ఏ కాగితం దేనిదో ఎవరికీ తెలియదు.

9. దాచడం

చెన్నైలో సమస్య తేమే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మరీ ఎక్కువ. తేమ కొలిచే చిన్న మీటరు కొని అల్మరాలో పెట్టండి. 50 శాతం దగ్గర ఉంటే బాగుంది, 65 దాటితే తేమ పీల్చడానికి అల్మరాలో ఉంచే సిలికా జెల్ పొట్లాలు మార్చండి.

- అల్మరా గోడకు ఆనకుండా జానెడు జరపండి.
- కింది అర ఖాళీగా వదలండి. 2015 డిసెంబరు వరదలో నేలకు దగ్గరగా ఉన్నవే ముందు పోయాయి.
- ఘాటు వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ ఫైల్ కవర్లు వద్దు, అచ్చు వాటికి అతుక్కుంటుంది. పాలిప్రొపిలిన్‌వి వాడండి. ఆసిడ్ లేని కాగితం కోసం చెన్నైలోనే ప్యారీస్ కార్నర్ దగ్గరి ఆండర్సన్ వీధి కాగితం దుకాణాల్లో అడగండి.
- స్పాంజి బంతులు, రబ్బరు వస్తువులు పాతబడితే కరిగి పక్కవాటికి అంటుకుంటాయి. ఒక్కొక్కటీ విడిగా, కాగితంలో చుట్టి పెట్టండి.
- పట్టు రుమాళ్లు మడత పెట్టకుండా చుట్ట చుట్టండి.
- నాఫ్తలీన్ ఉండలు ప్లాస్టిక్ సామాన్లను మెత్తబరుస్తాయి. పచ్చి వేపాకు తేమ తెస్తుంది. రెండూ వద్దు.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దారి

పేకముక్కలు వంగిపోయాయి: డబ్బాలోంచి తీసి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, బరువైన పుస్తకం కింద వారం ఉంచండి. ఇస్త్రీపెట్టె వాడకండి.

రెండు సెట్ల పేకముక్కలు కలిసిపోయాయి: వెనక డిజైన్ చూసి కాదు, అంచులు చూసి వేరు చేయండి. పాతబడ్డ రంగు అంచుల్లోనే తెలుస్తుంది.

కాగితం లేని వస్తువు కొన్నారు: కొలతలు, ఫొటోలు తీసి, మొదటి దశలో చెప్పిన పుస్తకాల్లో బొమ్మలతో పోల్చండి. దొరికితే పుస్తకం పేరు, పేజీ సంఖ్య రిజిస్టర్‌లో రాయండి. దొరకకపోతే ‘తెలియదు’ అని రాయండి, ఊహించి పేరు పెట్టకండి.

పుస్తకం వానలో తడిసింది: ఎండలో పెట్టకండి. నిలబెట్టి, పేజీలు కొద్దిగా విప్పి, ఫ్యాన్ గాలి పక్కనుంచి తగిలేలా ఉంచండి. తళతళలాడే ఆర్ట్ పేపర్ అయితే ఆరేలోపే పేజీలు అతుక్కుంటాయి, తడిగా ఉన్నప్పుడే ప్రతి పేజీ మధ్య తెల్లకాగితం పెట్టండి.

11. చూపించేటప్పుడు, తర్వాతి వాళ్లకు

మీ దగ్గరున్నది ఇంకా ఎవరికో బతుకుతెరువు. ఫొటోలు పెడితే బయటి రూపమే పెట్టండి, లోపలి పని చూపించకండి. ఇంటికొచ్చిన పిల్లలు అడిగితే ఆడి చూపించండి. నేర్చుకుంటానన్నవాళ్లకు పుస్తకం ఇవ్వండి, చెంబు విప్పి చూపించకండి.

రిజిస్టర్ మొదటి పేజీలో ఇంట్లోవాళ్లకు ఒక ఉత్తరం రాసి అంటించండి. అందులో ఇవి ఉండాలి:

- ఏ డబ్బాలు కలిపే ఉంచాలి, వేటిని విడదీయకూడదు
- ఏవి నిప్పుకు దూరంగా ఉండాలి
- పాత పేపర్లవాడికి, పాత ఇత్తడి కొనేవాడికి ఇవ్వకూడదని ఒక స్పష్టమైన వాక్యం
- అమ్మాలన్నా, ఇచ్చేయాలన్నా ముందు ఎవరిని అడగాలో ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు

ఏటా సంక్రాంతికి వాన తేమ తగ్గాక అల్మరా అంతా దించి, రిజిస్టర్‌తో సరిచూసి, ఆ రెండు ఫోన్ నంబర్లు ఇంకా పనిచేస్తున్నాయో లేదో ఒకసారి చేసి చూడండి.